బెల్లం కాటా మీద

ఈ రోజు మధ్యాహ్నం చోడవరంలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే బెల్లం కొట్టు సూరి మావయ్య కేకేశాడు. నేను ఎంఎంఏ ఆడతాను, బాక్సింగూ కుస్తీ కలిసిన పోటీ. ఫైట్‌కి ముందు బరువు తగ్గాలి కాబట్టి, ఇన్నేళ్ళుగా నన్ను తూచింది ఆయన బెల్లం కాటాయే.

"ఒరే, ఎక్కు, సూద్దాం."

అలవాటుగా చెప్పులు విప్పి ఎక్కేశాను.

"నాలుగు కేజీలు పెరిగిపోనావేట్రా! ఫైటెప్పుడు?"

పోయిన ఫైట్‌లో ఓడిపోవడమే కాదు, నా కంట్లో రెటీనా కూడా చిరిగింది. ఇంకో దెబ్బ తగిలితే చూపు పోతుందని, ఇక ఆడొద్దని పొద్దున్నే విశాఖలో డాక్టరు చెప్పేశాడు. ఇంట్లో ఎలా చెప్పాలా అనుకుంటూ నడుస్తున్నవాణ్ణి, మావయ్యకేం చెప్పను?

కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన రుచికి ఓ బెల్లం ముక్క పెడతాడు. నాకు మాత్రం, బరువు పెరుగుతానని నేనే వద్దన్నందుకు, ఎప్పుడూ పెట్టడు. ఈ రోజూ పక్కనున్నావిడకి పెట్టి, నన్ను చూసి పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు.

"నాకూ పెట్టు మావయ్యా," అన్నాను.

ఆయన నా ఎర్రబడ్డ కంటికేసి చూశాడు. పెద్ద ముక్క ఏరి నా చేతిలో పెట్టి, "తినీ బాబూ," అన్నాడు.

కాటా మీద నిలబడే మొత్తం తిన్నాను. ముల్లు ఏమాత్రం కదల్లేదు. ఇన్నేళ్ళూ ఇంత ముక్కకా నేను భయపడింది? మీరే చెప్పండి.