లేబుల్ గీకిన సీసాలు

నా నోరు మంచిది కాదు. ఈ సంగతి డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో మా వరస క్వార్టర్లన్నిటికీ తెలుసు, ఆసుపత్రిలో వార్డుబాయ్ నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ తెలుసు. మెత్తగా మాట్లాడే నర్సు మాట ఎవరూ వినరని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే బతికాను. ఆ నమ్మకంతోనే ఒక మంచివాడి నోట్లో మట్టి కొట్టాను.

తొంభైల చివర్లో రాయపూర్ ఎండలు ఎలా ఉండేవో చెప్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయేది. పక్క క్వార్టరు ఆవిడ గుమ్మంలోకి వచ్చి “ఫిర్ బత్తీ గుల్!” అని కరెంటు ఆఫీసు వాళ్ళని తిట్టడం మొదలుపెట్టేది. నేనూ బయటికి వచ్చి తెలుగులో అందుకునేదాన్ని. మా ఆయన వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. ఇనుప రేకు కోసుకుని కాలికి పుండు పడింది. షుగరు మనిషి, అది ఎంతకీ మానేది కాదు. చెమటలో ఆ కాలితో ఆయన పడే అవస్థ చూడలేక ఇన్వర్టరు పెట్టించుకుందామన్నాను.

మా చర్చి సంఘంలోనే ఒకతను ఉండేవాడు. బొబ్బిలి వైపు వాడు. ఉర్లాలో ఒక ఇనుప కార్ఖానాలో కాంట్రాక్టు కూలీ. కొలిమి దగ్గర పని, కానీ మనసంతా తీగల మీదే. తీగ చుట్టడం దగ్గర్నుంచి పెట్టెకు రంగు వెయ్యడం దాకా అంతా తన చేత్తోనే చేసి ఇన్వర్టరు కట్టాడు. కబాడీ బజారులో పాత సామాన్ల గుట్టల్లో ఒక సోలార్ పలక వెతికి పట్టుకుని, బాగుచేసి మా డాబా మీద బిగించాడు. పగలంతా ఎండకి బ్యాటరీ నిండేది. కరెంటు పోతే ఒక ఫ్యాను, రెండు ట్యూబులైట్లు హాయిగా నడిచేవి. వీధంతా వచ్చి చూసి పోయింది.

“మీ ఇంట్లో ఒక ఏడాది నడిస్తే సాలక్కా,” అన్నాడు అతను. “మందిరానికి కూడా నాసేతే కట్టించుకుంటామన్నారు పెద్దలు. ఆ పని సూసి నలుగురొస్తే ఉర్లా మానేసి సిన్న దుకాణం పెట్టుకుంటాను. ఆ కొలిమి దగ్గిర నేనింక సెయ్యలేనక్కా.”

“నడవక ఎక్కడికి పోతుందిరా తమ్ముడూ, నేను చెబుతాగా అందరికీ,” అన్నాను. చెప్పాను కూడా. తర్వాత చెప్పిందే ఎక్కువ.

బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. కొనడమెందుకు, ఆసుపత్రిలో పెట్టెలకి పెట్టెలు ఉండేవి. డ్యూటీ దిగేటప్పుడు సంచిలో ఒక సీసా వేసుకునేదాన్ని. మా ఆయన పుండు కడగడానికి సెలైన్ కూడా అలాగే తెచ్చేదాన్ని. దొంగతనమని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు అనుకోలేదు. ఇంటికి దూది పట్టుకెళ్ళని వాళ్ళు మా వార్డులో ఎవరున్నారు కనక? కాకపోతే సీసా మీద ఆసుపత్రి ముద్ర ఉండేది. ఇంటికి ప్రార్థనకని వచ్చినవాళ్ళు చూస్తే పరువు పోతుంది. అందుకని బకెట్లో నానబెట్టి లేబుళ్ళు గోటితో గీకేసేదాన్ని. రెండూ ఒకే రకం గాజు సీసాలు, రెండింట్లోనూ తెల్లటి నీళ్ళే. వంటింటి అరలో ఎడమ పక్క డిస్టిల్డ్ వాటర్, కుడి పక్క సెలైన్. నాకు తెలుసు కదా, చాలు అనుకున్నాను.

ఎనిమిదో నెలలో ఇన్వర్టరు మొరాయించింది. కరెంటు పోయిన పది నిమిషాలకే ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగి ఆగిపోయేది. కబురు పెడితే అతను ఆదివారం భోజనం కూడా చెయ్యకుండా వచ్చాడు. ముందు డాబా ఎక్కి పలక మీద పేరుకున్న నల్లటి మసి తడిగుడ్డతో తుడిచాడు. మీటరు పెట్టి చూస్తే పలక బాగానే ఉంది. పెట్టె విప్పి ఒక్కొక్క అతుకూ లాగి చూశాడు. అనుమానం వచ్చిన ట్రాన్సిస్టర్లు రెండు తీసేసి కొత్తవి వేశాడు. రెండు రోజులు బాగుందనిపించి మళ్ళీ అదే పాట. రెండోసారి వచ్చి ఛార్జింగ్ బోర్డు మొత్తం కొత్తది చేసి పెట్టాడు. ఊహూఁ.

మూడోసారి వచ్చినప్పుడు పెట్టె జోలికే పోలేదు. బ్యాటరీ మూతలు విప్పి, వంగి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

“అక్కా, ఇందులో ఏ నీళ్ళు పోసినారు?”

నేను అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాను. కాళ్ళు లాగేస్తున్నాయి. ఒళ్ళు మండిపోయింది నాకు.

“ఏ నీళ్ళు పోస్తారు? బోరు నీళ్ళు పోశాననుకున్నావా? నర్సుకి డిస్టిల్డ్ వాటర్ గురించి నువ్వు నేర్పిస్తావా?”

“అది కాదక్కా. బ్లీచింగు వాసనొస్తంది.”

“ఆ వాసన నా ఒంటిది! పొద్దున్నుంచీ వార్డులో చచ్చి వస్తున్నాను.”

“సీసా ఒకపాలి సూపించండక్కా...”

“పని చేతకాక నా సీసాల మీద పడ్డావేం? ముందు నీ డబ్బా సంగతి చూడు!”

అతను తలెత్తి వంటింటి వైపు చూశాడు. అరలో లేబుల్ లేని సీసాలు వరసగా ఉన్నాయి. వాటినీ చూశాడు, నన్నూ చూశాడు. “సరేనక్కా,” అని సామాను సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఇన్వర్టరు మాట ఎత్తారు. ఎవరూ అడగకుండానే లేచి నిలబడ్డాను. “మా ఇంట్లోది చూసి నిర్ణయించుకోండి. మూడుసార్లు విప్పాడు, మూడుసార్లు మూశాడు. పైగా తప్పు నాదేనట! నేర్చుకోవడానికి మా ఇల్లే దొరికింది,” అన్నాను. నలుగురూ నవ్వారు. అతను వెనక వరసలో భార్య పక్కన కూర్చుని ఉన్నాడు. నోరు విప్పలేదు. చేతకాదు కాబట్టే నోరు లేవలేదని నేను గర్వంగా కూర్చున్నాను. పెద్దలు బజారులో కంపెనీది కొన్నారు. అతన్ని ఇంకెవరూ పిలవలేదు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున మా ఆయన కాలు కడుగుతున్నాను. ఎప్పుడూ కిమ్మనని మనిషి “అబ్బా, మంట!” అని కాలు లాక్కున్నాడు. సెలైన్ మంట పుట్టించదు. ఉత్త నీళ్ళయితే పచ్చి పుండు మీద చురుక్కుమంటాయి. చేతిలో సీసాలోంచి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. చప్పగా ఉంది. వంటింట్లోకి పరిగెత్తి ఎడమ పక్క సీసా విప్పాను. బ్యాటరీలో పోయగా మిగిలిన సగం సీసా అది. ఉప్పగా ఉంది.

వంటింటికి సున్నం వేయించినప్పుడు సీసాలన్నీ దింపి మళ్ళీ సర్దింది నేనే. అప్పుడే అటువి ఇటు, ఇటువి అటు అయ్యాయి. అప్పటినుంచీ బ్యాటరీకి నేను పోసినదంతా ఉప్పునీళ్ళే, ఆయన పుండు మీద పోసినవన్నీ ఉత్త నీళ్ళే; ఇన్నాళ్ళూ ఓర్చుకున్నట్టున్నాడు. బ్యాటరీకి ఉప్పు తగిలితే ఇంకేముంది, లోపల పలకలు తినేస్తుంది. ఆ ఉప్పులోంచి క్లోరిన్ పుడుతుంది, ఆ బ్లీచింగు వాసన అదే.

“వెళ్ళి చెప్పు,” అన్నాడు మా ఆయన.

“చెబుతాను,” అన్నాను.

చెబితే, ఇంట్లోకి సెలైన్ సీసా ఎలా వచ్చిందని అడుగుతారు. లేబుల్ ఎందుకు గీకావని అడుగుతారు. సంఘంలో మా మేట్రన్ చెల్లెలు కూడా ఉంది. ఒకరోజు అతని ఇంటి సందు మొదలు దాకా వెళ్ళి, కూరలు కొనుక్కుని వెనక్కి వచ్చాను. తర్వాత అతను ఉర్లాలో రెండేసి షిఫ్టులు చేస్తున్నాడని, ఆదివారాలు కూడా రావడం లేదని విన్నాను. రాకపోవడమే నాకు బాగుంది. సిగ్గులేని మాటే, కానీ నిజం.

కొత్త రాష్ట్రానికి రాయపూర్ రాజధాని అవుతుందని ఊరంతా చెప్పుకుంటున్న ఏడాది, ఒక ఉదయం డ్రెస్సింగ్ గదిలోకి అతన్ని తీసుకొచ్చారు. కార్ఖానాలో కరిగిన ఇనుము చిట్లి కుడి చేతి మీద పడింది. భార్య వెనకాలే ప్లాస్టిక్ సంచి పట్టుకుని నిలబడింది. నన్ను చూసి “వందనాలక్కా” అన్నాడు, ఎప్పటిలాగే. గాయం కడగడానికి సెలైన్ సీసా అందుకున్నాను.

అతను సీసా వైపు చూశాడు. “దీనికి లేబుల్ ఉందక్కా,” అన్నాడు మెల్లగా.

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

“నీకు ఆ రోజే తెలుసా?”

“తెలుసక్కా. ఆ వాసన, ఆ సీసాలు సూస్తే తెలీదా.”

“మరి ఆదివారం అందరి ముందూ అన్నేసి మాటలంటుంటే ఎందుకు నోరు మూసుకున్నావురా?”

“సెప్తే మీ ఉద్యోగం పోద్ది కదక్కా. బావకి కాలు బాగోదు.”

అతని భార్య నా వైపు తిరిగి చూసింది. ఆమెకి ఇదంతా అప్పుడే తెలిసినట్టుంది. నేను తల దించుకుని గాయం మీద సెలైన్ పోస్తూ ఉన్నాను. సీసా అయిపోయింది, ఇంకొకటి విప్పాను.

“ఈ ఆదివారం లేచి చెబుతాను తమ్ముడూ. తప్పంతా నాదని అందరి ముందూ చెబుతాను. మళ్ళీ నిన్ను పిలుస్తారు.”

అతను చెయ్యి కొంచెం పైకెత్తి నాకు చూపించాడు. చూపుడు వేలు, మధ్యవేలు ఎముక దాకా కాలిపోయాయి. అవి ఇంక వంగవని డాక్టరు చెప్పకుండానే నాకు తెలుసు.

“ఇప్పుడు పిలిస్తే ఏటక్కా?” అన్నాడు. “ఈ సేత్తో తీగ సుట్టగల్నా?”

గాజుగుడ్డ చుట్టి పంపించాను. ఆ ఆదివారం మందిరంలో ముందు వరసలో కూర్చున్నాను. మధ్యలో కరెంటు పోయింది, కంపెనీ ఇన్వర్టరు మీద ఫ్యాన్లు తిరిగాయి. ఆరాధన అయ్యాక, ఎవరికైనా చెప్పుకోవలసింది ఉందా అని ఎప్పటిలాగే అడిగారు. నేను లేవలేదు.