రిపోర్టుకెక్కని కన్ను

నా కుడికంట్లో పువ్వు పడింది. పుట్టుకతో వచ్చింది కాదు, ఒక మనిషి పుణ్యమా అని వచ్చింది. ఆ మనిషి పేరు రాయను. తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి.

నేను ఖతార్ వచ్చిన రెండో ఏడు సంగతి ఇది. ఇండస్ట్రియల్ ఏరియా అవతల ఒక సైటులో గ్రైండింగ్ పని చేసేవాణ్ణి. గేటు దగ్గర పెద్ద బోర్డు ఉండేది. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద రోజూ అంకె మార్చేవారు. ఆ అంకే మా సూపర్‌వైజర్ ప్రాణం. మా జిల్లావాడే. కళ్ళకు పెట్టుకునే అద్దాలు పగిలాయని చెబితే, కొత్తవి వచ్చేదాకా కళ్ళు చికిలించి చెయ్యమన్నాడు. చికిలించాను. మధ్యాహ్నానికి ఇనుప రజను కంట్లో దిగింది.

"క్లినిక్‌కు పోత సార్," అన్నాను.

"అరే, క్లినిక్‌కు పోతే రిపోర్ట్ రాస్తరు. బోర్డు మల్ల సున్న కాడికొస్తది. మీ రూమ్‌ల పెద్దమనిషి ఉన్నడు గద, తీయించుకో పో."

మా గదిలో ఉండే ఆ పెద్దమనిషి అగ్గిపుల్ల చివర దూది చుట్టి రజను తీసేవాడు. అప్పటికి ఎందరికి తీశాడో లెక్కలేదు. డాక్టరు కంటే ఆయన మీదే మాకు నమ్మకం. నేనూ వెల్లకిలా పడుకుని కన్ను తెరిచి పెట్టాను. తప్పు నాది కూడా. రజను బయటికి వచ్చింది, రెండు రోజులకు చీము పట్టింది. వారం తరవాత క్లినిక్‌కు చేరేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ నిలిచిపోయింది. కాగితాల్లో మాత్రం సూపర్‌వైజర్ దాన్ని కంటిజబ్బు అని రాయించాడు. బోర్డు మీద అంకె చెక్కుచెదరలేదు.

ఒక కన్ను పోయినవాడికి గ్రైండర్ ఇవ్వరు కనక నన్ను మేముండే లేబర్ క్యాంప్ క్లినిక్‌లో ఊడ్చే పనిలో వేశారు. రెండేళ్ళ కిందట అక్కడికి కొత్త కెమెరా వచ్చింది. గడ్డం ఆనించి కూర్చుంటే కంటి వెనక పొరను ఫొటో తీస్తుంది. ఆ ఫొటోను కంప్యూటరే చదివి, షుగర్ వల్ల చూపు దెబ్బతింటోందో లేదో నిమిషాల్లో చెబుతుంది. డాక్టరమ్మ నాకు దాన్ని నడపడం నేర్పింది. ల్యాబులో పెంచిన కణాలతో నాలాంటి మచ్చలు పోగొట్టే ప్రయోగాలు జరుగుతున్నాయని కూడా ఆవిడే చెప్పింది. వినడానికి బాగానే ఉంది. కానీ కన్ను తిరిగి రావడం కంటే ముందు నాకు కావలసింది ఒకటుంది.

అది పోయినేడు తనంతట తానే వచ్చి కెమెరా ముందు కూర్చుంది. సూపర్‌వైజర్! తల నెరిసింది, ఒళ్ళు వాడింది. ఏషియన్ టౌన్ బజారులో కొన్న నల్లద్దాలు నా మొహాన ఉండడంతో గుర్తుపట్టలేదు. ఫొటో నిండా ఎర్రటి చుక్కలు. వెంటనే కంటి డాక్టరుకు చూపించాలని తెర మీద వచ్చింది. చదివి వినిపించాను. ఎంత హాయిగా ఉందో! సిగ్గుపడకుండా చెబుతున్నాను.

 వాడు అటూ ఇటూ చూసి నా చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, రిపోర్ట్ రాయకు. కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపుతరు. ఫొటో మంచిగ రాలేదని రాయి. ఊరికి పోయినప్పుడు చూపించుకుంట."

"ఎప్పుడు పోతవు?"

"ఇంక ఎనిమిది నెలలు."

ఎనిమిది నెలలు! నేనేమీ చెయ్యనక్కర్లేదు, వాడు అడిగింది చేస్తే చాలు. ఫొటో తుడిచేసే బటన్ మీద వేలు పెట్టాను. వాడి చూపు పోతుంది, పైగా నాకు దండాలు పెడతాడు. ఇంతకంటే తియ్యటి పగ ఎక్కడ దొరుకుతుంది? వేలు తియ్యకుండా చాలాసేపు కూర్చున్నాను. అప్పుడొక చిక్కు తట్టింది. చూపు పోతే వాడు నా కన్ను చూసేదెట్లా?

నల్లద్దాలు తీశాను. వాడు చూశాడు. గుర్తుపట్టి నా చెయ్యి వదిలేశాడు.

"నా కన్ను నీ రిపోర్ట్‌ల లేదు సార్. నీ కన్ను నా రిపోర్ట్‌ల ఉంటది," అని, కాగితం తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టాను.

కంటికి సూదులు వేయించుకుంటున్నాడు. ఉద్యోగమూ పోలేదు. కొన్ని నెలలకోసారి ఫొటోకు నా దగ్గరికే రావాలి. వాడు గడ్డం ఆనించగానే నేను నల్లద్దాలు తీసి పక్కన పెడతాను.

"ఇటు చూడు సార్, సీదా నా దిక్కే," అంటాను.

చూస్తాడు. చూపు చక్కగా ఉంది కదా.