ఇంట్లో పడుకున్నట్టే

శంషాబాద్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాలులో ప్రేమలత పొద్దున్నే ఆడవాళ్లకు యోగా నేర్పుతుంది. అందరికంటే ముందు వచ్చి, ఊడ్చి, గోడకున్న ఆంజనేయస్వామి పటం ముందు అగరుబత్తి వెలిగిస్తుంది. ఏ ఆసనం చెప్పినా తానూ వేస్తుంది, వేస్తూ కళ్లు మూసుకుంటుంది. ఆ గొంతు వింటుంటేనే సగం నొప్పులు పోతాయని అందరూ అంటారు.

పోయిన ఎండాకాలం తరువాత కౌసల్యమ్మ వచ్చి చేరింది. ఆమెది ఎయిర్‌పోర్టులో ఊడ్చి తుడిచే పని. భర్త పోయినప్పటి నుంచి నిద్ర లేదు. డ్యూటీలో కునుకు తీస్తూ దొరికింది. మళ్లీ దొరికితే ఇక రానక్కర్లేదని సూపర్‌వైజర్ చెప్పేశాడు. దవాఖానలో మాత్రలిచ్చారు గానీ, వాటితో పొద్దున తల లేవడం లేదని మానేసింది.

"నిద్రకు ఏదన్న ఆసనం ఉంటే జర చెప్పు టీచరమ్మా," అంది.

ఉంది. అన్నీ అయ్యాక చివర వేసే శవాసనం. సరిగ్గా ఆ వేళకే కౌసల్యమ్మ కొంగు దులుపుకుని లేచిపోయేది.

"అసలు మందు అదేనక్కా. అదే ఇడిసిపెట్టి పోతవేంది?"

"రేపు చేస్త తియ్యి."

ఒకరోజు ప్రేమలత ఆమె చెయ్యి పట్టి ఆపింది. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు చాపి, చేతులు సర్ది, కళ్లు మూసుకోమంది. తానూ పడుకుని కళ్లు మూసుకుని చెప్పసాగింది. తెరిచేసరికి కౌసల్యమ్మ గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటోంది.

"మా ఆయనను వాకిట్ల గట్లనే పండవెట్టిండ్రు," అని మెట్లు దిగి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి రాలేదు.

ఆదివారం ప్రేమలత కొత్వాల్‌గూడ వెళ్లింది. తనకు మొదట యోగా నేర్పిన ఈశ్వరయ్య సారు ఇప్పటికీ ఇంటి ముందు రేకుల షెడ్డులో కొత్తవాళ్లకు నేర్పుతున్నాడు.

"సర్టిఫికెట్ గోడకు తగిలేసినవ్ గదా బిడ్డా, మల్ల ఒకటో తరగతికొచ్చినవేంది?"

"నాకు నేర్పుడు వస్తలేదు సారూ."

"అయితే ఎనక సాప ఉంది, పో."

ఆయన ఆ రోజు ఏ ఆసనమూ చెప్పలేదు. ఇంట్లో ఎలా పడుకుంటారో అలా పడుకోమన్నాడు. కాటేదాన్‌లో మిషను ముందు రోజంతా నిలబడే యాదయ్య మోకాళ్లు ముడుచుకున్నాడు. సారు సరిచేయలేదు, మోకాళ్ల మధ్య తువ్వాలు మడిచి పెట్టాడు. ప్రేమలత పద్ధతిగా వెల్లకిలా పడుకుంది.

"ఇంట్ల గిట్లనే పండుకుంటవా?"

ఆమె నవ్వి, పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుంది. సారు తన కండువా మడిచి ఆ చేతి కింద ఉంచాడు. చేరిన మొదటి రోజూ ఆయన ఇలాగే చేసిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది. తన క్లాసులో ఎవరెలా పడుకుంటారో తాను ఎన్నడూ చూడలేదు.

తిరిగి వస్తూ కౌసల్యమ్మ ఇంటికి వెళ్లింది. కౌసల్యమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది.

"మల్ల గట్ల పండవెడితే నేను రాను."

"పండవెట్ట. నీకెట్ల మంచిగుంటే గట్ల పండుకో. లేకుంటే ఊకె కూసో."

మర్నాడు క్లాసు చివర్లో ప్రేమలత పడుకోలేదు, కళ్లు తెరిచి కూర్చుంది. ఎవరికి నచ్చినట్టు వాళ్లను పడుకోమంది.

"గిదేం యోగా? ఇంట్లనే పండుకోవచ్చు గదా," అంది ముందు వరసలోని స్వరాజ్యం.

"ఇంట్ల ఎవలు పండనిస్తరే," అని పక్కావిడ అనేసరికి హాలంతా నవ్వింది.

కౌసల్యమ్మ చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. తరువాత చాపకు ఒక అంచున, సగం ఖాళీగా వదిలి, ముఖం మీదికి కొంగు లాక్కుని ముడుచుకుని పడుకుంది. ఆమె ఊపిరి నిదానమయ్యాక ప్రేమలత మాటలు ఆపేసింది. పైన విమానం వెళ్లినా కౌసల్యమ్మ కదలలేదు. ఆడవాళ్లు చెప్పులు చేతుల్లో పట్టుకుని మెట్లు దిగారు. స్వరాజ్యం వెనక్కి వచ్చి, తన శాలువా కప్పి పోయింది.

డ్యూటీ వేళకు ప్రేమలత భుజం తట్టి లేపింది.

"పండుకున్ననా?"

"పండుకున్నవక్కా."

"గురక వెట్టిన్నా?"

"జర."

ఇంట్లో రాత్రుళ్లు కౌసల్యమ్మకు ఇంకా పూర్తిగా నిద్ర పట్టడం లేదు. పనిలో మాత్రం కునుకు తీస్తూ మళ్లీ దొరకలేదు. హాలు తాళం ఇప్పుడు కాస్త ఆలస్యంగా పడుతోంది.