బావ మొహమాటం

మొన్న బందరులో ఓ పెళ్లి భోజనాల దగ్గర మా బావ లడ్డూ చిటికెడు తుంచి నోట్లో వేసుకుని, మిగిలింది నా ఆకులోకి తోశాడు. ఒకప్పుడు ఇదే బావ ఒక్క బంతిలో నలభై లడ్డూలు తిన్నాడు. సరే, నలభై కాదు, పదకొండు. దివిసీమలో వాళ్ల పొలం కాలువకి చిట్టచివర, శివారున ఉంటుంది. నీళ్లు అందని ఏడాది బావ కాలువ లాకుల దగ్గర నిలబడి కేకేస్తే గుడివాడలో మా ఇంట్లోకి వినపడేదని చెబుతుంటాను. గొంతుకి తగ్గ ఆకలి ఆయనది. అక్క గోంగూర పచ్చడిలో వెన్నపూస వేసి కలిపి పెడుతుంటే, వాళ్లింటి వసారాలో బావ పక్కన కూర్చున్నవాడికి జ్వరంలోనైనా ఆకలేసేది.

పోయినేడు గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం లోపలి పొర చీలితే, బావని బెజవాడ తీసుకెళ్లి అప్పటికప్పుడు ఆపరేషన్ చేయించాం. గండం గడిచిందనుకున్నాం. మాటలు వచ్చాక డాక్టరుగారు, "కడుపులో నొప్పేమన్నా ఉందాండీ?" అని అడిగారు. "బానే ఉందండీ" అన్నాడు బావ. ఆయన అటు వెళ్లగానే దుప్పటి పిడికిట్లో నలిపేస్తున్నాడు. ఇదేమిటంటే, "ప్రాణం పోసిన మనిషికి మళ్లీ ఫిర్యాదులేమిట్రా? ఆకలి నొప్పేలే" అన్నాడు. నేనూ నమ్మి, ఊరిద్దామని, "ఇంటికెళ్లగానే వేడన్నం, గోంగూర, వెన్నపూస..." అని మొదలెట్టాను. బావ మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

"ఆ మాటెత్తకురా. కడుపు కోసేస్తోంది."

గోంగూర పేరు చెబితే మొహం తిప్పుకున్న బావని నేనెన్నడూ చూడలేదు. పరిగెత్తుకెళ్లి డాక్టరుగారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చానని ఊళ్లో చెప్పాను. అబద్ధం. నర్సు ముందు చేతులు నలుపుకుంటూ, "ఏమనుకోకమ్మా, వీలైతే ఒక్కసారి..." అన్నాను. మొహమాటంలో నేనేం తక్కువ? పరిగెత్తింది ఆ అమ్మాయి.

స్కాన్ తీసి, పేగుకి వెళ్లే నాళంలో రక్తం ఆగిపోయిందన్నారు. మళ్లీ ఆపరేషన్ చేసి దారి తెరిచారు. నల్లబడిన పేగు కొంత తీసేశారు; మిగిలింది దక్కింది, దాంతోపాటు బావా దక్కాడు. తెలివొచ్చాక సంగతి చెబితే, "పెద్దకాలువ గండి పూడ్చినా శివారుకి నీళ్లు అందలేదన్నమాట" అన్నాడు.

అక్క ఊరుకుంటుందా? "చేనెండితే ఊరదిరేలా అరిచే మనిషి, సొంత కడుపెండిపోతుంటే మీకు నోరు పెగల్లేదా?"

బందరు పెళ్లిలో వడ్డించే కుర్రాడు, "ఇంకొక్క లడ్డూ, బాబాయ్‌గారూ" అన్నాడు. "వద్దు! కడుపులో పట్టదు!" అని బావ వేసిన కేకకి బంతంతా తలతిప్పి చూసింది. లాకుల దగ్గరి గొంతే. నా కళ్లు చెమర్చాయి. పచ్చడి కారమని సర్దేశాను. పదకొండు లడ్డూల రోజులిక రావు. ఏళ్లు కూడా శివారుకొచ్చేసరికి సన్నగానే పారతాయి. పారుతున్నాయి, అదే పదివేలు.