కోతుల తీర్మానం

నేను కౌన్సిలర్ని అయింది ప్రజాసేవ కోసమని చెప్పుకుంటే ముందు మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. ఆ ఏడాది మా వార్డు ఆడవాళ్ళకి రిజర్వయింది. వీధిలో పిల్లలకి ట్యూషన్లు చెప్పే టీచరమ్మగా నేను అందరికీ తెలుసు. పార్టీవాళ్ళు ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగారు. ఆయన బ్యాంకులో క్యాషియరు. "నన్నడుగుతారేటండీ, నిలబడేది ఆవిడ కదా" అని వంటింటి వైపు చూపించారు.

నేను వెంటనే ఒప్పేసుకున్నాను. నర్సీపట్నంలోనే పుట్టి పెరిగినా, మున్సిపల్ ఆఫీసు మేడ మీద గదిలో ఏం జరుగుతుందో నాకెప్పుడూ తెలీదు. ఇంటిపన్ను కట్టడానికి కింద కిటికీ దాకా వెళ్ళేదాన్ని. పైన మైకులో ఎవరో దగ్గడం, ఇంకెవరో బల్ల చరచడం వినిపించేది. ఒకసారి లోపల కూర్చుని చూడాలని ఉండేది. అదీ అసలు సంగతి.

గెలిచాక ప్రతి మీటింగుకీ ముందు అటెండరు ఇంటికొచ్చి అజెండా ఇచ్చి వెళ్ళేవాడు. మిగతా సభ్యులు దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవారు. నేను మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చుని మొదట్నుంచి చివరిదాకా చదివేదాన్ని. వీధి దీపాలకి బల్బులు, కుళాయి పైపుకి అతుకు, కాలవ మీద పలకలు, పారిశుధ్య కార్మికులకి చేతి తొడుగులు. ఒక్కో అంశం "అయినందున", "కోరినందున" అంటూ సాగి సాగి ఎక్కడో పేజీ అడుగున "ఆమోదం కొరకు" దగ్గర ఆగేది. ఒకసారి అందులో "శ్మశానవాటిక గేటుకు తాళము కొనుగోలు" అని ఉంది. శ్మశానంలో ఎవరేం ఎత్తుకుపోతారా అని నాకు ఆ రాత్రంతా అదే ఆలోచన.

మీటింగులో లేచి అడిగేశాను. గది అంతా నవ్వింది. చైర్మన్ గారు నవ్వలేదు. ఆయన పెద్దాయన, రైసుమిల్లు నడిపి మానేసిన మనిషి, ఎవరితోనూ గొంతు పెంచరు. "గేదెలమ్మా," అన్నారు. "లోపల గడ్డి బాగుంటాది కదా, తోలుకొచ్చి వొదిలేస్తన్నారు."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఒక్క తాళం వెనక ఇంత కథ ఉందన్నమాట! అప్పట్నుంచి మీటింగుకి ఒక ప్రశ్నైనా అడిగేదాన్ని. గుమాస్తా అంశం నంబరు చదవడం, ఎవరో "ఆమోదం" అనడం, టీలు వచ్చేసరికి సగం అజెండా అయిపోవడం అక్కడి అలవాటు. నా ప్రశ్నలతో టీలు చల్లారిపోతున్నాయని పక్క సీటు సభ్యుడు విసుక్కునేవాడు. ఆయనకి బజారులో కిరాణా కొట్టుంది, మాటకారి.

కోతుల అంశం వచ్చిన రోజు మాత్రం అందరూ మాట్లాడారు. మా ఊళ్ళో కోతులు అప్పటికి బాగా పెరిగిపోయాయి. మేడ మీద అప్పడాలు ఆరబెట్టుకోలేం. నీళ్ళ ట్యాంకు మూత తీసి అందులో స్నానం చేసేవి. కిరాణా సభ్యుడి కొట్లోంచి బెల్లం దిమ్మ ఎత్తుకుపోయి ఎదురింటి గోడ మీద కూర్చుని తిన్నాయట. చైర్మన్ గారి కళ్ళజోడే పోయింది. ఒక్కొక్కళ్ళూ తమ కోతి కథ చెప్పుకుని, నవ్వుకుని, బల్లలు చరిచి ఆమోదించారు. నేనూ చరిచాను. వేరే జిల్లా నుంచి కోతులు పట్టేవాళ్ళని పిలిపించాలని నిర్ణయం.

వాళ్ళు పట్టడం మా వీధిలోనే మొదలైంది. పెద్ద ఇనుప బోను. లోపల అరటిపళ్ళు, వేరుశనక్కాయలు. ట్యూషన్ మానేసి నేనూ, పిల్లలూ కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నాం. ముందు కుర్ర కోతులు దిగాయి. పెద్దది ఒకటి చాలాసేపు బోను పైకప్పు మీదే కూర్చుని, చెయ్యి సందులోంచి పెట్టి పండు లాక్కుని తింది, లోపలికి మాత్రం వెళ్ళలేదు. దాని తెలివికి పిల్లలు చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి బోను నిండింది. వీధి వీధంతా పండగ.

అప్పుడు నాకు సందేహం వచ్చింది. మర్నాడు ఆఫీసుకెళ్ళి కమిషనర్ గారిని అడిగాను. ఆయన కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన కుర్రాయన.

"వీటిని ఎక్కడ వదుల్తారండీ?"

"అడవిలో మేడమ్."

"ఏ అడవిలో?"

ఆయన ఫైలు లోంచి తలెత్తి చూశారు. "అడవంటే అడవే కదా మేడమ్. కాంట్రాక్టులో అటవీ ప్రాంతం అని ఉంటుంది."

రెండో బోను నిండిన రోజు పొద్దున్నే వ్యాను దగ్గరికెళ్ళి డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "కోతుల్ని సాగనంపడానికి కౌన్సిలర్ వెళ్ళాలని రూలుందా?" అన్నారు. "లేదు, చూడాలనుంది" అన్నాను. "అయితే టిఫిన్ పట్టుకెళ్ళు" అన్నారు. పట్టుకెళ్ళాను గానీ, వెనక బోనులోంచి అన్ని కళ్ళు చూస్తుంటే నోట్లో పెట్టుకోలేకపోయాను.

కృష్ణదేవిపేట దాటాక వరి పొలాలు తగ్గాయి, రోడ్డుకి రెండు పక్కలా కొండలు దగ్గరికొచ్చాయి. మలుపు తిరిగి కాస్త వెడల్పుగా ఉన్నచోట డ్రైవరు బండి ఆపాడు.

"ఇక్కడే ఎందుకు?" అన్నాను.

"ఇంకా పైకెల్తే వ్యాను తిప్పుకోడానికి జాగా ఉండదండి."

బోను తలుపు ఎత్తగానే అన్నీ ఒక్కసారి దూకుతాయనుకున్నాను. అలా జరగలేదు. మొదటిది వచ్చి రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూసింది. తర్వాతది దాని పక్కన కూర్చుంది. పిల్లని కడుపుకి హత్తుకున్న తల్లి కోతి ఒకటి దిగి, నా చేతిలో టిఫిన్ సంచీ చూసి, నేరుగా నా దగ్గరికే వచ్చింది. నేను వ్యాను తలుపు వెనక్కి వెళ్ళిపోయాను.

అప్పుడే రోడ్డు కింద జొన్నపొత్తుల చేలోంచి ఒకావిడ కర్ర పట్టుకుని కేకలేస్తూ ఎక్కి వచ్చింది. ఇంచుమించు నా వయసే ఉంటుంది. కొండవాళ్ళావిడ. చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టుకుంది. కోతుల్ని కాదు, డ్రైవరునే కొట్టేలా ఉంది.

"మల్లీ తెచ్చేరేటి? మొన్న తెచ్చినయ్యి సాల్లేదా?"

డ్రైవరు నా వైపు చూపించాడు. "మేడంగారు ఉన్నారు, ఆవిడకి సెప్పుకో."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తిట్టలేదు. "రా అమ్మా, సూద్దువు గాని" అంది.

వెంట వెళ్ళాను. రోడ్డు పక్కనున్న చేను ఆవిడ కుటుంబానిదే. జొన్నపొత్తులు చాలావరకు ఒలిచేసి ఉన్నాయి, ఒక్కోదాన్నీ రెండు కొరుకులు కొరికి పారేశాయి. పైన అనాస మొక్కలు. పండకముందే పీకి కింద పడేసినవి ఎర్రమట్టిలో దొర్లుతున్నాయి. ఆవిడ ఇంటాయన గుడిసె ముందు డబ్బా వాయిస్తూ కూర్చున్నాడు. పొద్దున్నుంచీ అదే పని అన్నాడు, నవ్వడానికి ప్రయత్నించాడు.

"అడవిలో కోతులు ఇదివరకు లేవా?" అని అడిగాను. వెక్కిరింపు కాదు, నిజంగా తెలుసుకుందామనే.

"ఎందుకు నేవు? ఉన్నాయి. మా అడివియి మడిసిని సూత్తే పారిపోతాయి. మీవి సంచీ సూత్తే మీదికొత్తాయి."

నా టిఫిన్ సంచీ గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. తర్వాత ఇద్దరం ఆ గట్టు మీద కూర్చున్నాం. ఆవిడ నన్ను ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. కౌన్సిలర్ అంటే ఏటి? ఎంతమంది కూకుంటారు? కోతుల్ని ఇక్కడికి తేవాలని ఎవులు సెప్పేరు? చెప్పాను. మేమంతా ఒక గదిలో కూర్చుని నిర్ణయిస్తామని.

"మేమొచ్చి కూకుంటే కూకోనిత్తారా?"

నాకు తెలీదు. "కనుక్కుంటాను" అన్నాను.

తిరిగొచ్చి కమిషనర్ గారినే అడిగాను. ఆయన రూల్సు పుస్తకం తిరగేశారు. సాధారణ సమావేశానికి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చట, మాట్లాడకూడదట. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడమ్" అన్నారు, ఆయనకీ కొత్తగానే అనిపించినట్టుంది.

సంతకొచ్చే వాళ్ళ ఊరివాళ్ళ ద్వారా ఆవిడకి కబురు పెట్టాను. సమావేశం రోజున ఆవిడ మరో ఇద్దరు ఆడవాళ్ళతో షేర్ ఆటో దిగింది. ముగ్గురూ మంచి చీరలు కట్టుకున్నారు. చూడ్డానికొచ్చిన వాళ్ళకి ఎక్కడ కుర్చీలు వెయ్యాలో అటెండరుకి తెలీలేదు. చివరికి గోడ వారగా బల్ల వేశాడు. ఎన్నడూ లేనిది వెనక మనుషులు కూర్చోవడంతో సభ్యులంతా సర్దుకుని కూర్చున్నారు. ఫోన్లు జేబుల్లోకి వెళ్ళిపోయాయి.

ఆ రోజు అజెండాలో కోతులు పట్టే పని మరికొన్నాళ్ళు పొడిగించడం ఉంది. గుమాస్తా చదవగానే నేను లేచాను. చూసింది చూసినట్టు చెప్పాను.

చైర్మన్ గారు చేతులు కట్టుకుని విన్నారు. "నువ్వు సెప్పింది బాగానే ఉందమ్మా. కానీ ఆళ్ళు మన ఊరోళ్ళు కారు. మన ఓటర్లకి మనం ఏటి సెప్పాలి?"

కిరాణా సభ్యుడు అందుకున్నాడు. "అయినా అవి అడివిలోంచి వచ్చినవే. అడివికే పంపేం."

వెనక బల్ల మీంచి ఆవిడ లేచి నిలబడింది. "అయ్యా, ఒక్క మాట..."

"విజిటర్లు మాట్లాడకూడదమ్మా," అన్నారు కమిషనర్ గారు. కఠినంగా కాదు, ఇబ్బందిగానే అన్నారు. ఆవిడ అలాగే నిలబడింది, కూర్చోవాలో బయటికెళ్ళాలో తెలియక. పిలిచింది నేను. బస్సెక్కి ఆటోలెక్కి వచ్చినావిడకి ఇప్పుడేం చెప్పను?

చైర్మన్ గారు గోడ గడియారం చూశారు. టీల వేళ ఇంకా కాలేదు.

"సభ కాసేపు వాయిదా," అన్నారు. "టీలు తెప్పించండి." అని మైకు స్విచ్చి ఆపి, కుర్చీలోంచి లేచి, గోడవార బల్ల దగ్గరికి వెళ్ళి ఆ ముగ్గురికీ ఎదురుగా కూర్చున్నారు. "ఇప్పుడు సభ నేదు. సెప్పమ్మా."

ఆవిడ చెప్పింది. ఏడవలేదు, దణ్ణాలు పెట్టలేదు. "మీకూ బాధేనయ్యా, కాదన్ను. మీ ఇంట్లో అప్పడం పోతాది. మాకు ఏడాది తిండి పోతాది. అడివిలో ఇడిసిపెడతామంటే పెట్టండి. మా సేను అడివి కాదు." అంతే. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ఆయన వైపు చూస్తూ కూర్చుంది.

కిరాణా సభ్యుడే దగ్గరికొచ్చి, అనాసలు ఎప్పుడు దిగుబడి వస్తాయి, టోకున ఎవరు కొంటారు అని అడగడం మొదలుపెట్టాడు. ఆవిడ సమాధానాలు చెప్పింది. వాళ్ళిద్దరూ బేరాల్లోకి దిగిపోయేటట్టు ఉంటే చైర్మన్ గారు నవ్వి, మళ్ళీ తన కుర్చీలోకి వెళ్ళి మైకు వేశారు.

కోతులు పట్టే పని ఆపాలని, ఊళ్ళకి దూరంగా ఎక్కడ వదలాలో అటవీ శాఖవాళ్ళు చూపించాకే మళ్ళీ మొదలుపెట్టాలని తీర్మానం అయింది. కూరగాయల బజారులో కుళ్ళిన పళ్ళు రోడ్డు మీద పడెయ్యకుండా మూతలున్న డబ్బాలు పెట్టాలన్నది కూడా కలిపారు. ఆ మాట కమిషనర్ గారిది.

మా వీధిలో మాత్రం నాకు గడ్డుకాలం వచ్చింది. "కొండ మీదోళ్ళ కోసం మన కోతుల్ని మనకే ఉంచిందట" అని అనేవారు. పక్కింటావిడ నాతో మాట మానేసింది. వాళ్ళ మేడ మీద మిరపకాయలు పోయినప్పుడల్లా పెద్దగా, నాకు వినపడేటట్టు తిట్టేది. ఎవర్ని తిడుతోందో కోతులకి తెలీకపోయినా నాకు తెలిసేది. బాధేసింది. మా ఆయన చిక్కంలాంటి ఇనుప వలతో మేడ మీద గూడు కట్టి, "అప్పడాలకి జైలు" అన్నారు. అది చూసి ఒకరిద్దరు తమకీ కట్టించుకున్నారు. పక్కింటావిడ కూడా కట్టించుకుంది, నన్ను అడక్కుండా మా ఆయన్ని అడిగి.

వర్షాకాలం వెళ్ళాక అటవీ శాఖవాళ్ళు చాలా పైన, ఇళ్ళు లేనిచోట ఒక జాగా చూపించారు. జీపు మాత్రమే వెళ్ళే దారి. అందుకని కొద్దికొద్దిగానే తీసుకెళ్ళగలిగారు. ఊళ్ళో కోతులు కొంత తగ్గాయి, పూర్తిగా పోలేదు.

ఆవిడ మళ్ళీ రెండు మూడుసార్లు సమావేశానికి వచ్చింది. పనేమీ లేదు. సంతలో సరుకు బేగి అమ్ముడైతే మెట్లెక్కి వచ్చి గోడవార కూర్చునేది. "ఏటి ఇలా వచ్చారు?" అంటే "మీరెలాగ కొట్టుకుంటారో సూద్దామని" అనేది. అయ్యాక నన్ను పట్టుకుని సందేహాలు అడిగేది. ఇందాక అంతలా అరుచుకున్న ఇద్దరూ ఇప్పుడు ఒకే బండి మీద ఎలా వెళ్ళిపోతున్నారు? కాలవ నీళ్ళు చివరికి ఏ ఊరికెళ్తాయి? కొన్నింటికి నా దగ్గర జవాబుండేది. లేనివి రాసుకుని తర్వాతి సమావేశంలో అడిగేదాన్ని.

నా పదవి అయిపోయి చాలాకాలమైంది. మళ్ళీ నిలబడలేదు. ట్యూషన్లే చెప్పుకుంటున్నాను. మొన్న సంతలో ఆవిడ పసుపు కొమ్ములు పోసుకుని కూర్చుని కనిపించింది. జుట్టు బాగా నెరిసింది. రోడ్డు వార చేలో జొన్న మానేసి పసుపు వేశారట. కోతి పసుపు ముట్టదు కదా అంది. అనాసలు మాత్రం లోపలి వైపుకి మార్చారట, మునుపటంత రావట్లేదట. చెప్పేటప్పుడు ముఖం కాస్త ముడుచుకుంది.

నా సంచీలో పసుపు పోస్తూ, "ఇప్పుడు మీ వార్డుకి ఎవులమ్మా?" అని అడిగింది.

చెప్పాను.

"ప్రశ్నలడుగుతారా?"

"ఏమో, నేనెళ్ళి చూడలేదు."

"అదేటి, మెట్లెక్కి సూడొచ్చు కదా, ఎవులూ ఒద్దనరు," అంది.

కిందటి సమావేశానికి వెళ్ళాను. గోడవారన ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. చల్లగా ఏసీ పెట్టారు. ఆ రోజు వీధికుక్కల్ని పట్టి ఎక్కడ వదలాలన్న అంశం మీద చాలాసేపు గొడవ జరిగింది.