పెద్దల్లుడి తలసరి

వంతెనకు ఇవతల ఒక దేశం, అవతల ఇంకో దేశం. ఇవతల కత్తెరలకు సాన పట్టే ఆయన్ని అందరూ తలసరి మేస్త్రి అనేవారు. దర్జీలూ మంగలివాళ్ళూ కత్తెరలు తెచ్చిస్తే, నిప్పురవ్వల మధ్య నుంచే జాతీయాదాయం మీద ఉపన్యాసం దంచేవాడు. ఆ పిచ్చి ఊరికే పట్టలేదు. ఆయన తోడల్లుడిది అవతలి దేశం.

పెళ్ళిళ్ళయిన కొత్తలో ఇవతలి తలసరి ఆదాయం అవతలి దానికి దాదాపు రెట్టింపు. ఆ సంగతి పేపర్లో పడ్డ రోజున మేస్త్రి అత్తగారింటికి వెళ్ళి, చేతుల కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నిజానికి ఆయన తొక్కుకుంటూ వెళ్ళిన సైకిలు కూడా పక్క కొట్టు మంగలిది. అయినా దేశం కలిగినదైతే అక్కణ్ణుంచి వచ్చిన అల్లుడు లేనివాడెలా అవుతాడు? అత్తగారికి అంకెలు తెలియవు గాని ధీమా అంటే తెలుసు. పెద్దల్లుడికి కుర్చీ, చిన్నల్లుడికి ముక్కాలిపీట ఖాయమైపోయాయి. చిన్నల్లుడు ఫ్యాక్టరీలో చెప్పులకు సోలు అతికించేవాడు.

"మీది పెద్ద దేశంలే అన్నయ్యా" అని నవ్వేసి పీట మీద సర్దుకునేవాడు.

ఏళ్ళు గడిచాయి. రెట్టింపు కాస్తా ఒకటిన్నర అయింది. తర్వాత అదీ కరిగింది. "వాళ్ళు పెరగటం కాదోయ్, మనం కాస్త అలుపు తీర్చుకుంటున్నాం" అన్నాడు మేస్త్రి. ఇంకో ఏడు, "ఉత్త ఆదాయం చూస్తే సరా? ధరలు కూడా చూడాలి. అక్కడ సాన పట్టడానికి ఎంత గుంజుతారో కనుక్కోండి!" అని సవాలు విసిరాడు. కనుక్కున్న దర్జీలు ఆయనకేమీ చెప్పలేదు. కత్తెరలకు అక్కడే సాన పట్టించుకోవడం మొదలుపెట్టారు.

చివరికి ఒక పొద్దున పేపర్లో వేసిన తలసరి బొమ్మలో అవతలి గీత ఇవతలి గీతను దాటేసింది. మేస్త్రి కడుపునొప్పని కొట్టు తియ్యలేదు.

"వాళ్ళ గీత పెరిగితే మీకు కడుపునొప్పేమిటండీ? వాళ్ళేమైనా మనింటి అన్నం తిన్నారా?" అంది భార్య.

ఆ వారమే తోడల్లుడు వచ్చాడు. దెప్పడానికే వచ్చాడనుకుని మేస్త్రి బిగుసుకున్నాడు.

"ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు దించారన్నయ్యా. మమ్మల్ని మానిపించేశారు. నీ దగ్గరేమైనా పనుంటే..."

"అదేమిటి, మీ దేశం మమ్మల్ని దాటిందిగా?"

"దాటింది. నన్నెక్కించుకోడం మర్చిపోయింది."

మేస్త్రికి ముందు సంతోషం వేసింది, వెంటనే సిగ్గేసింది. మర్నాటి నుంచి తోడల్లుడు రోజూ వంతెన దాటి వచ్చి సానచక్రం ముందు కూర్చునేవాడు. చేతి పనితనం ఉన్నవాడు. పోయిన దర్జీలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

ఒక సాయంత్రం, కాలేజీలో అర్థశాస్త్రం చదివే కూతురు కొట్టు దగ్గరికొస్తే మేస్త్రి ఛాతీ విరుచుకున్నాడు. "చూశావుటే, మీ బాబాయి మన జాతీయాదాయం పెంచుతున్నాడు!"

"లేదు నాన్నా. బాబాయి కాపురం అక్కడ. నువ్విచ్చే జీతం వాళ్ళ జాతీయాదాయంలోకే పోతుంది."

మేస్త్రి చక్రం ఆపేశాడు. "అయితే కాపురం ఇటు మార్పించేద్దాం."

"అప్పుడు మనకి తలలు పెరుగుతాయి. బాబాయి జీతం సగటు కంటే తక్కువ. మన తలసరి ఇంకా దిగుతుంది."

"మరి నా సంపాదన సంగతి?"

"నీదీ తక్కువే నాన్నా. ఇన్నాళ్ళూ మన తలసరిని కిందికి లాగుతున్నవాళ్ళలో నువ్వూ ఒకడివి."

తోడల్లుడు నవ్వాపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మేస్త్రి గుర్రుగా చూశాడు. ఆ చూపు ఎంతోసేపు నిలవలేదు. ఆయనకీ నవ్వొచ్చేసింది.

ఏడాది తిరిగాక తోడల్లుడు జీతం పెంచమని అడిగాడు.

"నాదేముందోయ్, పెంచుతాను. కాని మీ దేశం ఇంకా ముందుకెళ్ళిపోదూ?"

"పెంచినంతా ఇవతలి బజార్లోనే ఖర్చు పెడతాలే అన్నయ్యా."

మేస్త్రి రెండు రోజులు ఆలోచించి పెంచాడు. అతను మాట నిలబెట్టుకున్నాడో లేదో కనుక్కుందామంటే తీరిక దొరకలేదు. బల్ల మీద కత్తెరలు అంతలా పేరుకుపోయాయి.