తెల్లచీరకు మాన్యువల్

మాది ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేస్తాడు. నేను ఆదోనిలో పెళ్ళి ఫొటోలు తీస్తాను. ఈ రెండు మాటలూ చెబితే వినేవాళ్ళు మొదటిదానికి తలూపుతారు, రెండోదానికి నన్ను ఇంకోసారి ఎగాదిగా చూస్తారు. మా వైపు పెళ్ళిళ్ళలో కెమెరా పట్టుకున్న ఆడమనిషి కనబడడం తక్కువ. ఆ చూపు నాకు అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే, ఈమధ్య ఆ చూపంటే నాకు ఇష్టం కూడా.

డిగ్రీ అయ్యాక ఆదోనిలో ఒక స్టూడియోలో ఆల్బమ్ పేజీలు కూర్చే పనిలో చేరాను. ఎవరో తీసిన ఫొటోల్లో మొహాలు తెల్లగా చేయడం, వెనకాల పూలతోటలు అతికించడం నా పని. స్టూడియో నడిపే ఆయన్ని బజారంతా అన్నా అనే పిలుస్తుంది. నేనూ అలాగే పిలిచాను. ఒకసారి ఒక ఇంట్లో నలుగు పెడుతుంటే ఆడవాళ్ళు మగ ఫొటోగ్రాఫర్‌ను గది లోపలికి రానివ్వలేదు. అన్న నాకు ఫోన్ చేసి పిలిపించి, కెమెరా నా మెడలో వేశాడు.

"నువ్వు పోమ్మా లోపలికి. అంతా పెట్టిచ్చినా. నొక్కేదొకటే నీ పని" అన్నాడు.

ఆయన పెట్టిచ్చింది సగం ఆటోమేటిక్ మోడ్. కెమెరా పైన గుండ్రటి డయల్ ఉంటుంది. దాన్ని ‘ఏ’ అక్షరం దగ్గరికి తిప్పితే, లెన్స్ ఎంత తెరుచుకోవాలో మనం చెబుతాం. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో కెమెరా వెలుతురు చూసుకుని తానే తేల్చుకుంటుంది. అదే డయల్ మీద ‘ఎం’ ఉంది, అది మాన్యువల్. అక్కడ రెండూ మనమే చెప్పాలి. మనం తప్పు చెబితే కెమెరా అడ్డం పడదు, తప్పు ఫొటోనే తీసి ఇస్తుంది.

"‘ఎం’ జోలికి మాత్రం పోవద్దు" అన్నాడు అన్న. "పెండ్లిలో తాళి ఇంగోసారి కట్టరు."

ఆయన చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. ఆయన చేతి కింద నేను తీసిన పెళ్ళిళ్ళన్నీ ‘ఏ’ మీదే నడిచాయి, ఎవరూ వంక పెట్టలేదు. కానీ ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు అన్న కెమెరా అడిగి తీసుకెళ్ళేదాన్ని. మా ఇంట్లో మగ్గం గుంత పక్కన ఒక్కటే కిటికీ. ఆ వెలుతురులో నాయన నేస్తూ ఉంటే ఫొటోలు తీసేదాన్ని. ఒక సంగతి అక్కడే కనిపెట్టాను. మగ్గం మీద తెల్ల పడుగు దారాలు ఉన్నప్పుడు దగ్గరికెళ్ళి తీస్తే ఫొటోలో అది బూడిదరంగుకు దిగింది. నల్ల పడుగు ఎక్కించిన నెలలో తీస్తే అదీ బూడిదరంగుకే వచ్చింది. కెమెరాకు తెలుపూ తెలియదు, నలుపూ తెలియదు. కళ్ళ ముందు ఏది పెట్టినా దాన్ని నడిమి రంగుకు లాగుతుంది.

అప్పటి నుంచి ఇంట్లో ‘ఎం’ మీదకు తిప్పుకుని పట్టుబట్టాను. మొదట్లో అన్నీ చీకట్లే, లేదంటే తెల్లటి మంటలే. అమ్మ నూలు కండెలు చుడుతూ, "ఎన్నిసార్లు తీస్తావే ఆ మగ్గాన్ని? యాడికీ పోదులే అది" అనేది. యాడికీ పోదు కాబట్టే నాకు పనికొచ్చింది. కొన్నాళ్ళకు గదిలోకి అడుగుపెట్టి, కిటికీ వైపు చూసి, షట్టర్ ఎంత పెట్టాలో చేత్తోనే తిప్పేయగలిగాను. పెళ్ళిలో మాత్రం ఆ ధైర్యం చేయలేదు.

ఆ ధైర్యం చేయించిన పెళ్ళి పెద్దకడుబూరు మండలంలోని ఒక ఊళ్ళో జరిగింది. పెళ్ళికూతురు ఆదోనిలో ఒక ఆసుపత్రిలో నర్సు. అమ్మానాన్నలు పత్తి చేన్లలో కూలికి వెళ్ళి చదివించారు. డ్యూటీ దిగి, ఆ బట్టల్లోనే స్టూడియోకు వచ్చింది. అన్న పాత ఆల్బములు ముందు పెట్టాడు. ఆమె నాలుగు పేజీలు తిప్పి మూసేసింది.

"అక్కా, మా పెండ్లి ఫొటోలు నువ్వే తీస్తావంట గదా?" అని నన్ను అడిగింది.

"తీస్తాను."

"అట్లయితే ఒక మాట. నా మొగం తెల్లగా సేయద్దు. మాయమ్మ రంగు నాది. ఆల్బంలో ఇంగెవరో కూసుంటే నాకొద్దు."

అంతవరకూ నా దగ్గరికి వచ్చినవాళ్ళందరూ దానికి ఎదురు అడిగినవాళ్ళే. నేను అన్న వైపు చూశాను. ఆయన నవ్వి, "సరేలేమ్మా, నీ పెండ్లి, నీ మొగం" అన్నాడు.

చర్చిలో పెళ్ళి కాబట్టి తెల్లచీర కావాలి. అంగట్లో మెరిసేవన్నీ చూసింది గానీ ఆమెకు నచ్చలేదట. నూలుది, చేత్తో నేసింది కావాలంది. మా నాయన నేస్తాడని చెప్పాను. అలా ఆ చీర మా ఇంటి మగ్గం మీదికి వచ్చింది. తెల్లచీర నేయడం నాయనకు కొత్త కాదు గానీ తెలుపంటే భయపడతాడు. చేతి మరక, నూనె చుక్క, దుమ్ము, ఏదైనా పట్టిచ్చేస్తుంది. అమ్మ ఆ గదిలో పొయ్యి మసి గుడ్డ కూడా పెట్టనివ్వలేదు. నేసినంత మేర ఎప్పటికప్పుడు పాత పంచె కప్పేవాళ్ళు. సన్నటి వెండి జరీ అంచు, ఒళ్ళంతా వట్టి తెలుపు. సున్నం తెలుపు కాదు, పాలమీగడలో ఉండే తెలుపు. నేను ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ ఆ పంచె ఎత్తి చూసేదాన్ని.

పెళ్ళిరోజు పొద్దున అన్న వీడియో పట్టుకున్నాడు, ఫొటోలు నాకిచ్చాడు. ఆ ఊరి చర్చి చిన్నది. నీలం సున్నం వేసిన గోడలు, రెండు వైపులా కిటికీలు. ఎండ నేల మీద పడి, గోడలకు తగిలి, లోపలంతా ఒకే తీరుగా పరుచుకుంది. పెళ్ళికూతురు వాళ్ళ నాన్న చేయి పట్టుకుని గుమ్మం దాటి వచ్చింది. నేను ఎదురుగా వెనక్కి నడుస్తూ, ఎప్పటిలాగే ‘ఏ’ మీద, వరసగా తీశాను.

ఆగి తెర మీద చూసుకున్నాను. ఫొటో నిండా చీరే ఉండేసరికి కెమెరా ఆ తెలుపును కిందికి గుంజేసింది. చీర బూడిద పూసినట్టుంది. చామనఛాయ కన్నా ఇంకాస్త నలుపైన ఆమె మొహం చీకట్లో కలిసిపోయింది, కళ్ళు కూడా సరిగా కనబడడం లేదు. తర్వాత పెళ్ళికొడుకు పక్కన నిలబడ్డాడు. అతనిది నల్ల సూటు. ఈసారి కెమెరా ఆ నలుపును పైకి లేపింది. సూటు వెలిసిపోయింది, చీర తెల్లటి కాగితమైపోయింది. వెండి అంచు ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది.

అన్న నా మొహం చూసి పక్కకు వచ్చాడు. "ఏమైంది?"

చూపించాను.

"ప్లస్సు తిప్పుకో" అన్నాడు. ‘ఏ’ మీద ఉండి కూడా కెమెరా లెక్కను కాస్త ఎక్కువకో తక్కువకో నెట్టవచ్చు. తిప్పాను. చీర ఒక్కటే ఉన్నప్పుడు బాగుంది. సూటు రాగానే చీర మళ్ళీ తెల్లగా మండిపోయింది. ఒక్కో ఫొటోకు ప్లస్సు ఒకసారి, మైనస్సు ఒకసారి తిప్పుతూ కూర్చుంటే ఉంగరాలు మార్చుకోవడం అయిపోతుంది.

అప్పుడే పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నాకు ఒక సంగతి తోచింది. మనుషులు మారుతున్నారు, బట్టలు మారుతున్నాయి గానీ, ఈ గదిలో వెలుతురు మారడం లేదు. మా ఇంట్లో కిటికీ వెలుతురు లాంటిదే ఇదీ. వెలుతురు కదలనప్పుడు లెక్క మాటిమాటికీ మార్చే కెమెరా నాకెందుకు?

డయల్ ‘ఎం’ మీదకు తిప్పాను. ఆ చప్పుడు నా చెవికే పెద్దగా వినబడింది. చీర కొంగు మీద గురిపెట్టి, తెరలో నేత పోగు కనబడేదాకా షట్టర్ తగ్గిస్తూ పెంచుతూ పోయాను. ఆ తెలుపు ఎంత ఉండాలో నాకు తెలుసు, పంచె ఎత్తి ఎన్నోసార్లు చూసిన తెలుపు అది. అంతకంటే ఒక్క మెట్టు పెంచినా పోగులు మాయమవుతాయి, ఒక్క మెట్టు తగ్గినా బూడిద. అయ్యగారు ఆరోజు కొత్తజంట కోసం, రెండు కుటుంబాల కోసం, ఊరి కోసం, వానల కోసం ప్రార్థించారు. ఇంకాస్త పొడిగించమని నేనూ దేవుణ్ణి అడిగాను. ఆయన ఆమెన్ అనేసరికి నా లెక్క కుదిరింది.

అన్న డయల్ చూశాడు. "పెండ్లమ్మా ఇది" అని మాత్రం అన్నాడు, మెల్లగా.

"తెలుసన్నా."

"సరే. దాని మీదే నిలబడు మరి."

తర్వాత ఉంగరాలు, మంగళసూత్రం, సంతకాలు, అన్నీ అదే లెక్క మీద తీశాను. ఎవరు పక్కకు వచ్చినా నా చేయి డయల్ వైపు పోలేదు. వెలుతురు గురించి ఆలోచించే పని లేకపోయేసరికి మనుషుల మొహాలు చూడడానికి తీరిక దొరికింది. సంతకాల దగ్గర వాళ్ళమ్మ ముందుకొచ్చి కూతురి కొంగు సర్దింది. పత్తి కాయల గీతలు పడిన ఆ నల్లటి చేయి, దాని కింద తెల్లటి నేత, పైన కూతురు తల వంచి వాళ్ళమ్మనే చూస్తున్న చూపు. నొక్కాను. తెర చూసుకోలేదు. చూసుకోకుండానే తెలిసింది.

బయటికి వచ్చాక ఊరేగింపు. డప్పులు, వేపచెట్ల నీడలు, నీడ దాటగానే ఎండ, అంతలోనే సూర్యుడికి అడ్డంగా మబ్బు. నేను గబుక్కున డయల్‌ను మళ్ళీ ‘ఏ’ మీదకు తెచ్చాను. అన్న చూశాడు.

"ఇదేందమ్మా, మల్లా ఈడికే వచ్చినావు?"

"ఈడ ఎలుతురు నా మాట ఇనదన్నా. అడుగుకొక తీరుగా ఉంది. కెమెరానే సూసుకోనీ."

ఆయన పెద్దగా నవ్వాడు. డప్పుల్లో ఆ నవ్వు వినబడలేదు గానీ, భుజం మీది కెమెరా కదలడం చూశాను.

ఆల్బమ్ తయారయ్యాక పెళ్ళికూతురు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్క మొహానికి కూడా నేను తెలుపు పూయలేదు. ఆ తల్లి పేజీలు తిప్పుతూ, సంతకాల దగ్గర తీసిన ఫొటో మీద చేయి ఆపింది. ఆ పేజీ తిప్పలేదు. నచ్చలేదేమోనని నాకు గుబులు పుట్టింది.

"ఏమ్మా, బాగలేదా?" అని కూతురే అడిగింది.

"నువ్వు పుట్టినప్పుడు నల్లగుంది పిల్ల అన్నారు అందరూ" అంది ఆమె. "ఈడ సూడు. ఎంత సక్కగున్నావో."

కూతురు వాళ్ళమ్మ భుజానికి తల ఆనించింది. నేను లేచి మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళిపోయాను.

వాళ్ళను అడిగి ఆ ఫొటో ఒకటి పెద్దది వేయించి ఎమ్మిగనూరు తీసుకుపోయాను. నాయన మగ్గం దిగి, చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని అందుకున్నాడు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వాల్చి చూశాడు. ఫొటోలో కొంగు మీద వేలు పెట్టాడు.

"పేక కనిపిస్తాంది" అన్నాడు.

"ఊఁ."

"అంచు కూడా పోలేదు." వేలు పైకి జరిపి, "అమ్మ మొగము, పాప మొగము రెండూ తేటగున్నాయి. తెల్లచీర పక్కన నల్లమొగం అట్ల రావాలంటే కష్టమే గదా?" అన్నాడు.

"కష్టమే నాయనా."

అంతే అడిగాడు. ఫొటో పట్టుకుని వీధిలోకి పోయాడు. నేను గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఎదురింటి మగ్గం ఆగింది. దాని పక్కింటిదీ ఆగింది. "సీర నేను నేసినా. ఫొటో మా పాప తీసింది" అని ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. నాయన గొంతు అంత పెద్దగా లేవడం నేను అంతకుముందు వినలేదు. అమ్మ నా వెనక నిలబడి, "ఈ పూట నేత సాగినట్టే" అంది గానీ, తనూ చెప్పులేసుకుని ఆయన వెనకాలే పోయింది.

అన్న ఆ ఫొటోను స్టూడియో అద్దాల్లో పెట్టాడు. అంతకుముందు అక్కడ ఉన్న పూలతోటల జంటను తీసేశాడు. ఇప్పుడు ఫొటోలన్నీ నేనే చూసుకుంటాను, ఆయన వీడియో చూసుకుంటాడు. పెళ్ళికి బయల్దేరే ముందు, "ఈపొద్దు ‘ఏ’నా, ‘ఎం’మా?" అని అడుగుతాడు. పోయి చూస్తేగానీ తెలియదంటాను. నిజంగానే తెలియదు. కల్యాణ మండపంలో లైట్లు ఒకే తీరుగా ఉంటే ‘ఎం’. చేన్ల మధ్య ఊరేగింపు అయితే ‘ఏ’. ఒక్కోసారి ఒకే పెళ్ళిలో పదిసార్లు అటూ ఇటూ తిప్పుతాను.

మొన్న ఒక పొద్దున, ఎమ్మిగనూరులో ఇంటి నుంచే నేరుగా పెళ్ళికి బయల్దేరాను. బ్యాగు భుజాన వేసుకుంటుంటే నాయన మగ్గం ఆపకుండానే అడిగాడు.

"యాడికి పోతాండావు?"

"కోడుమూరుకు. పెండ్లికి."

"అన్న పంపినాడా?"

"లేదు నాయనా. పెండ్లివాళ్ళే నన్ను రమ్మన్నారు. ఆ ఫొటో తీసిన అమ్మాయే కావల్లని ఫోన్ సేసినారు."

ఆయన చేయి ఆగింది. "అట్లనా" అని, నా మెడలోని కెమెరా పట్టీ మెలిపడి ఉంటే, నన్ను దగ్గరికి వంగమని, కూర్చున్నచోటి నుంచే చేయి చాచి సరిచేశాడు. "పో మరి. బస్సు వచ్చే యాళైంది."